నిరీక్షణలో గీసిన తెర: తొలి గృహ కంప్యూటర్ల లోడింగ్ చిత్రాలు, తెలుగు లిపి

ఉపోద్ఘాతం

1982 ఏప్రిల్ 23న బ్రిటన్‌లో సింక్లెయిర్ రీసెర్చ్ సంస్థ జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్ అనే గృహ కంప్యూటరును విడుదల చేసింది. 16 కిలోబైట్ల నమూనా ధర 125 పౌండ్లు, 48 కిలోబైట్లది 175 పౌండ్లు. దీనికి ప్రోగ్రాములు మామూలు పాటల క్యాసెట్ల మీదనే వచ్చేవి. టేప్‌రికార్డరును తీగతో కలిపి క్యాసెట్ తిప్పితే, ఆ కీచుధ్వనిని యంత్రం అంకెలుగా మార్చుకునేది. పెద్ద ప్రోగ్రాము పూర్తిగా ఎక్కడానికి సుమారు ఐదు నిమిషాలు పట్టేది. ఈ వ్యవధిలో కూర్చున్నవారికి కనిపించడానికి ప్రోగ్రాముకు ముందుగా ఒక చిత్రాన్ని పంపేవారు. దానినే లోడింగ్ స్క్రీన్ అన్నారు. ఈ వ్యాసంలో ‘లోడింగ్ తెర’ అని వ్యవహరిస్తున్నాను.

మన సినిమాహాళ్లలో ఆట మొదలయ్యే ముందు వేసిన గాజు స్లైడ్లతో దీన్ని పోల్చాలనిపిస్తుంది. అయితే స్లైడుకూ సినిమాకూ సంబంధం లేదు. లోడింగ్ తెర ప్రోగ్రాముతో పాటు అదే టేపు మీద, అదే ధ్వనిలో ఉంటుంది. పుస్తకానికి ముఖచిత్రం వంటిదనడమే సబబు. ముఖచిత్రాలను సాహిత్య చరిత్రలో ఆధారాలుగా స్వీకరిస్తున్నాం. ఈ తెరలను కూడా అలా స్వీకరించాలంటే ముందు అవి ఎలా తయారయ్యాయో తెలియాలి.

తెర నిర్మాణం

స్పెక్ట్రమ్ తెర 256 చుక్కల వెడల్పు, 192 చుక్కల ఎత్తు. చుక్కల వివరానికి 6144 బైట్లు, రంగులకు 768 బైట్లు, మొత్తం 6912 బైట్లు. రంగు చుక్కకు కాక గడికి చెందుతుంది. ఎనిమిది చుక్కల నిడివి, ఎనిమిది చుక్కల ఎత్తు గల ప్రతి గడిలోనూ గీతకు ఒక రంగు, నేలకు ఒక రంగు మాత్రమే సాధ్యం. మూడో రంగు వస్తే పక్క రంగును మింగేస్తుంది. ఓషన్ సంస్థ ఆటలకు తెరలు గీసిన ఎఫ్. డేవిడ్ థోర్ప్ వంటివారి పనితనం ఈ నిర్బంధంతో పెనుగులాటే. 1985లో వచ్చిన ‘ఆర్ట్ స్టూడియో’ వంటి చిత్రలేఖన ప్రోగ్రాములు ఈ పనిని కొంత సులభం చేశాయి. అవి లేనివారికి గళ్ల కాగితమూ పెన్సిలూ ఉండనే ఉన్నాయి.

సాధారణ పద్ధతిలో టేపు మీద సున్న కంటే ఒకటి రెట్టింపు కాలం తీసుకుంటుంది. కాబట్టి చుక్కలన్నీ ఖాళీగా ఉన్న తెర సుమారు 27 సెకన్లలో ఎక్కితే, అన్నీ నిండిన తెరకు 54 సెకన్లు కావాలి. అంటే చిత్రకారుడు పూసిన ప్రతి చుక్కకూ చూసేవాడు కాలంతో వెల చెల్లించేవాడు. చిత్రం పైనుంచి కిందికి వరుసగా కూడా రాదు. తెర మూడు భాగాలుగా నిండుతుంది. ఒక్కో భాగంలో ముందు ఎనిమిది గడుల వరుసల తలగీతలు, తరువాత వాటి రెండో గీతలు, ఇలా సాగుతుంది. రంగులు చివరి నాలుగైదు సెకన్లలో వచ్చి పడతాయి. అప్పటిదాకా చిత్రం తెల్లని నేల మీద నల్లని గీతలే. ఒక గడిలో గీతకూ నేలకూ ఒకే రంగు ఇస్తే అక్కడి గీతలు పూర్తయిన తెరలో మాయమవుతాయి. కానీ ఎక్కుతున్నప్పుడు అవి కనిపించే ఉంటాయి. చిత్రకారుడు కొట్టివేసిన తొలి గీతలు ఇలా బయటపడటం రాతప్రతిలోని దిద్దుబాట్లను చూడటం వంటిదే.

ఈ ప్రాంతపు నేపథ్యం

1967లో హైదరాబాదులో ఏర్పడిన ఈసీఐఎల్ 1969 నాటికే టీడీసీ-12 కంప్యూటరును నిర్మించింది. కాబట్టి జంటనగరాలకు కంప్యూటరు కొత్త మాట కాదు. ఇంట్లో కంప్యూటరు కొత్త మాట. 1984-85లో కేంద్ర ప్రభుత్వం ‘క్లాస్’ పథకం కింద దేశంలో సుమారు 250 పాఠశాలలకు బీబీసీ మైక్రో కంప్యూటర్లను పంపింది. మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ వాటినే ‘యూనికార్న్’ పేరుతో తయారుచేసింది. 1986లో డెసిబెల్స్ సంస్థ స్పెక్ట్రమ్ ప్లస్‌ను అనుమతి పొంది భారతీయ విపణిలోకి తెచ్చింది. బీబీసీ మైక్రోలో రంగుల నిండు తెరకు 20 కిలోబైట్లు కావాలి. క్యాసెట్ మీద అది మూడు నిమిషాల వ్యవహారం. అందుకే ఆ యంత్రానికి రాసిన బోధన ప్రోగ్రాములు ఎక్కువగా ఒక కిలోబైటుతో సరిపెట్టుకునే టెలిటెక్స్ట్ తెరను శీర్షికకు వాడుకున్నాయి. దానిలో మొరటు దిమ్మెలే తప్ప సన్నని వంపులు రావు. తెలుగు రాతకు అది పనికిరాదు.

అయిదు అక్షరాల పేరు

స్పెక్ట్రమ్ వాడుకరి సొంత అక్షరాలు చేసుకోవడానికి 21 గడులు ఇచ్చింది. యంత్రంతో వచ్చిన పుస్తకం గ్రీకు ‘పై’ గుర్తును ఒక గడిలో గీసి చూపింది. ‘పై’ ఒక గడిలో ఒదుగుతుంది. తలకట్టు, గుణింతం, కింద ఒత్తు ఉన్న తెలుగు అక్షరం ఎనిమిది గీతల ఎత్తులో ఒదగదు; స్పష్టంగా చదవాలంటే కనీసం 16 గీతలు, అంటే అక్షరానికి నాలుగు గడులు అవసరం. ‘సికింద్రాబాదు’ అనే పేరునే తీసుకుందాం. సి, కిం, ద్రా, బా, దు – అయిదు అక్షరాలకు 20 గడులు, పక్కన పెట్టుకోవలసిన సున్నకు ఒకటి. ఊరి పేరొక్కటి రాయగానే 21 గడులూ చెల్లిపోయాయి. బజారు పేరు రాయడానికి ఒక్కటీ మిగలదు.

లోడింగ్ తెరలో ఈ చిక్కు లేదు. అక్కడ చుక్కలు గడులకు కట్టుబడవు, రంగు మాత్రమే కట్టుబడుతుంది. వాక్యమంతా ఒకే రంగులో రాస్తే అక్షరం ఎన్ని గడులు దాటినా ఏ హానీ లేదు. 16 చుక్కల వెడల్పు చొప్పున లెక్కిస్తే వరుసకు 16 అక్షరాలు వస్తాయి. అచ్చు టైపు కేసులో లేని శీర్షికలను చిత్రకారుడు చేత్తో రాసి ఇస్తే ముద్రాపకులు బ్లాకు చేయించుకున్న పద్ధతి ఇదే. భారతీయ లిపుల సంకేత ప్రమాణం ఇస్కీ 1991లో ఖరారయింది. అంతకుముందే ఈ చవక యంత్రంలో తెలుగును నిండుగా చూపగల చోటు లోడింగ్ తెర. పైగా అది ఎక్కే క్రమం వల్ల, పై గడిలోని తలకట్టు తొలి గీతా కింది గడిలోని ఒత్తు తొలి గీతా దాదాపు ఒకేసారి పుడతాయి. ఏ లేఖకుడూ అక్షరాన్ని ఆ వరుసలో రాయడు.

భద్రపరిచే పద్ధతిలో ప్రమాదం

పాత క్యాసెట్లలోని ప్రోగ్రాములను నేటి కంప్యూటర్లలోకి మార్చేవారు తరచుగా సులభమార్గం పడతారు. ప్రోగ్రాము పూర్తిగా ఎక్కాక యంత్రపు జ్ఞాపకాన్ని యథాతథంగా ఫైలుగా దాచుకుంటారు. 48 కిలోబైట్ల యంత్రానికి ‘ఎస్ఎన్ఏ’ పద్ధతిలో అది 49179 బైట్లు. అప్పటికి లోడింగ్ తెర చెరిగిపోయి, దాని చోట ఆట బొమ్మలు వచ్చి ఉంటాయి. ఆట దక్కుతుంది, తెర పోతుంది. ముఖచిత్రం చించి పుస్తకాన్ని బైండు చేయించే గ్రంథాలయాల అలవాటు గుర్తుకు రాక మానదు. 6912 బైట్ల చిత్రాన్ని మాత్రమే విడిగా దాచడం దానికన్నా మేలు. అప్పుడు మాయమైన తొలి గీతలు బైట్లలో ఉంటాయి గాని, అవి కనిపించిన క్రమమూ కాలమూ ఉండవు. నా అభిప్రాయంలో టేపు ధ్వనిని ముందుగా కుదింపు లేకుండా నమోదు చేసి, దాని నుంచే మిగిలినవి రాబట్టాలి.

పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ తరువాతి తరం కంప్యూటర్లకు జంటనగరాల బజారయింది. అక్కడ అమ్ముడయ్యే ఏ యంత్రానికీ క్యాసెట్ అవసరం లేదు. ఇళ్ల అటకల మీది క్యాసెట్లను పాటలవనుకుని పారవేయడం తేలిక. పైన చీటీ లేకపోతే రెండింటికీ తేడా తెలియదు. వినిపిస్తే మాత్రం వెంటనే తెలుస్తుంది. మొదట కొన్ని సెకన్లు ఒకే స్థాయిలో సాగే కూత, తరువాత అతి క్లుప్తమైన గరగర, మళ్లీ కూత, ఆ పిమ్మట ముప్పావు నిమిషం లోపు ఆగే గరగర ఉంటే, అది చాలావరకు చిత్రమే.