రాయపూరు నగరమున ఇల్లు, కార్యాలయము, నడిమి దారి

ఇంటికిని పనికిని నడుమ నుండు దారి చూపునకు అల్పవిషయము. కాని ఉద్యోగి సుఖదుఃఖములలో దాని పాలు అల్పము కాదు. రాయపూరు నగర చరిత్రయే ఇందులకు నిదర్శనము.

బెంగాల్–నాగపూరు రైల్వే కాలమున సిబ్బందికి స్టేషను చెంతనే క్వార్టర్లు కట్టించుట ఆచారముగా నుండెను. విజయనగరమునుండి పార్వతీపురము మీదుగా వచ్చు రైలుమార్గము 1931లో రాయపూరువరకు పూర్తియైన పిమ్మట ఉత్తరాంధ్రమునుండి ఇచ్చటికి రాకపోకలు సుగమమైనవి. క్వార్టరులో నున్నవానికి పనికి పోవుట కాలినడకయే. ఇల్లు తనది కాకపోయినను సాయంకాలము తనదిగా నుండెను. దూరపు పల్లెలవారికి 1900లో ఆరంభమైన రాయపూరు–ధమ్తరి చిన్నరైలు ఆధారమైనది. రెండడుగుల ఆరంగుళముల వెడల్పు గల ఆ పట్టాలమీద బండి మెల్లగా నడచెడిది.

2000 నవంబరు 1వ తేదీన ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర మేర్పడినపుడు సచివాలయము నగర మధ్యమున, పూర్వము ఆస్పత్రిగా నుండిన దావ్ కల్యాణ్ సింగ్ భవనమున నెలకొనెను. 2012 నవంబరులో అది సుమారు 20 కిలోమీటర్ల దూరమున నిర్మించిన నయా రాయపూరునకు తరలినది. కార్యాలయము కదలినంత సులభముగా సంసారము కదలదు. పిల్లల బడి, వృద్ధుల వైద్యము, తెలిసిన అంగడి, ఇరుగుపొరుగు: ఇవన్నియు పాత నగరముననే నిలిచినవి. క్రొత్త ఊరికి కాపురము మార్చుటయా, ప్రతిదినము బస్సులోనో సొంత బండిమీదనో పోయి వచ్చుటయా యన్న ప్రశ్న అనేక కుటుంబముల కెదురైనది.

ఈ ప్రశ్న లోకమున కంతటికిని చెందినదే. అమెరికాలోని టెక్సస్ రాష్ట్రమున 909 మంది ఉద్యోగినుల దినచర్యను పరిశీలించి 2004లో ప్రకటించిన అధ్యయనమున, ఉదయము పనికి పోవు ప్రయాణమే మిక్కిలి అప్రియమైనదిగా తేలినది. జూరిచ్ నగర ఆర్థికవేత్తలు ఫ్రే, స్టుట్సర్ అనువారు జర్మను కుటుంబముల వివరములను పరిశీలించి, దూరము పోయివచ్చువారికి జీవితమున తృప్తి తక్కువయనియు, మంచి జీతముగాని మంచి ఇల్లుగాని ఆ లోటును పూర్తిగా తీర్చుట లేదనియు కనుగొనిరి. కారణ మూహింపదగినదే. ఇల్లు చూచునపుడు గదులు కంటికి కనబడును. దారిలో కరగిపోవు గంటలు కనబడవు. పెద్ద గదికి కొలది దినములలో అలవాటు పడుదుము; రద్దీకి అలవాటు పడము.

రాయపూరున నగరమువైపు చిన్నరైలు 2017లో నిలిచిపోయెను. వెడల్పు పట్టాలమీద నయా రాయపూరు మీదుగా అభనపూరునకు రైలు 2025 మార్చి 30న ఆరంభమయ్యెను. సచివాలయము తరలిన పండ్రెండేండ్లకు పైగా గడచిన పిమ్మట వచ్చిన సౌకర్య మిది. ముందు రైలు, వెనుక కార్యాలయము తరలియుండినచో ఎన్నియో సాయంకాలములు ఇండ్లలో మిగిలియుండెడివి. ఊరు కట్టువారు భవనములతోపాటు దారిని, ఇల్లు వెదకువారు గదులతోపాటు గంటలను లెక్కించుట అవసరమని ఈ చరిత్ర బోధించుచున్నది.