నరసాపురం - పేట వైపు నుంచి

కార్తీకమాసం వస్తే చాలు, పశ్చిమగోదావరి జనం పేరుపాలెం బీచి దారి పడతారు. ట్రాక్టర్ల మీదా, ఆటోల మీదా, కాలేజీ బస్సుల్లోనూ వెళ్తారు. దారిలో మొగల్తూరు వస్తే ఇది ఫలానా సినిమా హీరోల ఊరని ఒకరికొకరు చూపించుకుంటారు. ఇంకొందరు నరసాపురంలో రైలు దిగి, మాధవాయిపాలెం రేవులో పంటు ఎక్కి, వశిష్ఠ గోదావరి దాటి సఖినేటిపల్లి మీదుగా అంతర్వేది పోతారు. అక్కడ స్వామి దర్శనం, సముద్ర స్నానం, ఫొటోలు, తిరుగు ప్రయాణం. ఈ రెండు దారులకీ నరసాపురమే గుమ్మం. అయినా నరసాపురంలో ఎవరూ ఆగరు. ఆగితే టిఫినుకి ఆగుతారు.

ఆగనివాళ్ళని తప్పు పట్టలేం. చూపించడానికి ఇక్కడ కోట లేదు, బురుజు లేదు. సముద్రం కూడా ఊరికి కొన్ని మైళ్ళ దూరంలో ఉంది. ఉన్నది గోదావరి గట్టు, రైలు పట్టాలు అయిపోయే ఒక స్టేషను, లేసు కొట్లు, బడులు, చర్చిలు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు పార్లమెంటు నియోజకవర్గం పేరు నరసాపురానిదైతే జిల్లా కేంద్రం భీమవరానికి పోయింది. ఊళ్ళో ఆందోళనలు జరిగాయి, ఆగిపోయాయి. కాని ఈ ఊరికి ఉన్న చరిత్ర భీమవరానికి లేదు. ఆ చరిత్రని ఎక్కడినుంచి చూడాలన్నదే మా ప్రశ్న. మేము పేట వైపు నుంచి చూస్తాం. మాలపేట, మాదిగపేటల్లో పుట్టి, మా ఇళ్ళల్లో మొదటిసారి యూనివర్సిటీ మెట్లెక్కినవాళ్ళం కాబట్టి మాకు తెలిసిన వైపు అదే.

ముందు రేవు సంగతి. అంతర్వేది యాత్రికులు పంటు కోసం ఎదురు చూసే మాధవాయిపాలెం అనే పేరు ఒకప్పుడు యూరపులో బట్టల కొట్టువాళ్ళందరికీ తెలుసు. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 17వ శతాబ్దంలో ఇక్కడ ఫ్యాక్టరీ పెట్టింది. ఫ్యాక్టరీ అంటే యంత్రాలుండే చోటు కాదు. సరుకు కొని, గిడ్డంగిలో పెట్టి, ఓడకెక్కించే కొఠీ. తెల్లవాళ్ళ నోట మాధవాయిపాలెం 'మాదపొల్లం' అయింది. ఇక్కడినుంచి పోయిన తెల్లని నూలుగుడ్డకి అదే పేరు నిలిచిపోయింది. ఇంగ్లీషు నిఘంటువులోనే కాదు, ఫ్రెంచిలో, స్పానిషులో కూడా ఆ మాట ఉంది. ఆ దేశాల దర్జీకి మాదపొలం అంటే ఒక రకం తెల్లగుడ్డ. అదొక గోదావరి రేవు అని అతనికి తెలియదు. ఇక్కడ పంటు ఎక్కేవాడికి అదొక గుడ్డ అని తెలియదు.

ఇక్కడికి దగ్గర్లోనే పాలకొల్లులో డచ్చివాళ్ళు 1613లోనే కొఠీ పెట్టారు. 1825లో ఇంగ్లీషువాళ్ళకి అప్పగించేదాకా ఆ స్థలం, కొన్ని విరామాలు పోను, వాళ్ళదే. నరసాపురం రేవులో ఓడలు కట్టేవాళ్ళు, దెబ్బతిన్న ఓడల్ని బాగుచేసేవాళ్ళు. 1670ల్లో ఈ తీరం తిరిగిన థామస్ బౌరీ అనే ఇంగ్లీషు నావికుడు ఆ విషయం రాసిపెట్టాడు. ఇవన్నీ పాఠ్యపుస్తకాల్లో 'ఐరోపావారి రాక' అనే అధ్యాయంలో ఒక వాక్యంగా వస్తాయి. ఎవరొచ్చారో రాస్తారు. వచ్చినవాళ్ళకి గుడ్డ నేసిందెవరు, నూలు వడికిందెవరు, మూటలు మోసిందెవరు? ఆ అధ్యాయం పేరే 'రాక' కదా, ఉన్నవాళ్ళకి అందులో చోటెక్కడిది!

నేతగాళ్ళనగానే మనకి దేవాంగులు, పద్మశాలీలు గుర్తొస్తారు. సన్నరకాలు నేసింది వాళ్ళే, కాదనం. కాని తెలుగుదేశంలో మాలలు కూడా నేతగాళ్ళే. 1909లో అచ్చయిన థర్‌స్టన్ కులాల గ్రంథం కూడా మాలల వృత్తుల్లో ముతకగుడ్డ నేతని చెప్పింది. ఊళ్ళో రైతు కట్టిన పంచె, కూలీ కప్పుకున్న దుప్పటి మాలపేట మగ్గం మీదినుంచి వచ్చినవే. ముట్టుకుంటే మైల అన్నవాళ్ళు, ఆ చేతులు పోగు పోగూ ముట్టుకుని నేసిన గుడ్డని ఒంటికి చుట్టుకున్నారు. ఈ ముక్క మన సాంఘిక చరిత్రకారులు ఎందుకు రాయలేదో వాళ్ళనే అడగాలి. నేత పోయాక మాలవాడు వట్టి కూలివాడుగా మిగిలాడు. తరవాత వచ్చినవాళ్ళు చూసి, వీళ్ళు మొదటినుంచీ కూలీలే అనుకున్నారు.

నేత ఎలా పోయింది? మాదపొల్లం, బండమూర్లంక, ఇంజరం అనే మూడు చోట్లా కంపెనీకి వ్యాపార ఏజెన్సీలుండేవి. మాదపొల్లం వాటిలో పెద్దది. 1833తో దాని పని అయిపోయింది. లంకాషైర్ మిల్లులు మాదపొల్లం గుడ్డని అక్కడే తయారు చేసి, ఆ పేరు మీదే మన దేశానికి ఎగుమతి చేయడం మొదలుపెట్టాయి. మన ఊరి పేరు మనకే అమ్మారన్నమాట. ఆ 1833లోనే గుంటూరు కరువు. ముందూ వెనకా తుపాన్లు, వానల్లేని ఏళ్ళు. అప్పటి రాజమండ్రి జిల్లా జనాభా 1821లో దాదాపు 7 లక్షల 38 వేలు. 1841 నాటికి 5 లక్షల 61 వేలు. ఇరవై ఏళ్ళలో నలుగురిలో ఒకరు లేకుండా పోయారు. చచ్చినవాళ్ళెందరో, వలసపోయినవాళ్ళెందరో ఆ లెక్క విడదీసి చెప్పదు. భూమి లేనివాడు, గాదెలో గింజ లేనివాడు ముందు పోతాడని చెప్పడానికి మాత్రం ఏ లెక్కలూ అక్కర్లేదు.

అప్పుడొచ్చాడు కాటన్. 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట మొదలై 1852లో పూర్తయింది. ఈ డెల్టాలో కాటన్ దొర విగ్రహం లేని సెంటరు అరుదు. ఆయన మేలు చేశాడు, సందేహం లేదు. ఆ మేలు ఎవరి పొలం గట్టు దాకా వచ్చిందన్నది వేరే సంగతి. కాలవ నీళ్ళు భూమి ఉన్నవాడి చేలోకి పారాయి. మెట్ట మాగాణి అయింది, ఎకరం ధర పెరిగింది, పెద్దకులాల రైతులు పెద్ద రైతులయ్యారు. రాయి మోసి, మట్టి తట్టలెత్తినవాళ్ళు పని అయ్యాక అదే పొలాలకి పాలేర్లుగా, ఊడ్పు కూలీలుగా వచ్చారు. పచ్చదనం పెరిగింది, పేటలో జాగా పెరగలేదు. అందుకే 'అన్నపూర్ణ' అనిపించుకున్న ఈ డెల్టానుంచే మనుషులు వేలకి వేలు కాకినాడ, కోరంగి తీరం మీదుగా ఓడలెక్కి రంగం పోయారు. రంగం అంటే రంగూన్. అలా పోయినవాళ్ళలో మాలలు గణనీయంగా ఉన్నారని ఆచార్య అడపా సత్యనారాయణ వలసల మీద చేసిన పరిశోధన చెబుతుంది. బర్మాలో తెలుగు కూలీని 'కోరంగి' అని పిలిచేవారు, గౌరవంగా కాదు. 1930 మేలో రంగూన్ రేవులో జరిగిన దాడుల్లో చచ్చింది ఎక్కువగా ఈ కోరంగీలే. మాధవాయిపాలెం పేరు గుడ్డకి పోయింది, కోరంగి పేరు తిట్టుకి పోయింది.

ఆనకట్ట పనిలో ఇంకోటి జరిగింది. 1836లో విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు ఇంగ్లీషు మిషనరీలు ఇండియా వచ్చి, తరవాత నరసాపురం, పాలకొల్లు ప్రాంతంలో స్థిరపడ్డారు. గోదావరి డెల్టా మిషన్ అలా పుట్టింది. వీళ్ళు పెద్ద చదువులవాళ్ళు కారు. తమ దేశంలో ఒకరిది రాళ్ళు చెక్కే పని, ఒకరిది చెప్పులు కుట్టే పని. ఈ వివరం మేము మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు ఊరుకున్నాం. చెప్పులు కుట్టేవాడి చేత బైబిలు చెప్పించుకోడానికి ఏ కులమూ సిగ్గుపడలేదు, దొర కాబట్టి. అదే పని చేసే మాదిగవాడు గుమ్మం తొక్కకూడదు! ఏళ్ళ తరబడి ఊళ్ళల్లో చెప్పినా కదలని జనం ఆనకట్ట కూలీల గుంపుల్లో కదిలారు. అక్కడ వేలమంది కూలీలు ఒకచోట చేరారు. ఊరి కట్టుబాటు కొంత దూరంలో ఉంది. విన్న మాటల్ని మాల కూలీలు తమ పేటలకి తీసుకొచ్చారు. మతం మార్పిడి అంటే తెల్లవాడు పాలపొడి ఇస్తే మారారనేవాళ్ళు ఈ కాలక్రమం చూడాలి. ఇది దళితులు దళితులకి చెప్పుకుని వచ్చిన మార్పు.

బడి కథ కూడా ఇదే కాలానిది. నరసాపురం టేలర్ హైస్కూలు పేరు అందరూ వినే ఉంటారు. 1850ల్లో ఇక్కడ సబ్ కలెక్టరుగా ఉన్న జి.ఎన్. టేలర్ బడులు పెట్టించాడు. రైతులు శిస్తుతోపాటు కొంత అదనంగా కట్టి ఊరి బడులు నడుపుకునే ఏర్పాటు ఈ ప్రాంతంలోనే మొదలైంది. మద్రాసు రాజధాని విద్యా చరిత్రలో దీన్ని గొప్పగా చెబుతారు. గొప్పదే. కాని శిస్తు కట్టేవాడి పేర బడి నడిస్తే, శిస్తు కట్టడానికి సెంటు భూమి కూడా లేనివాడి పిల్లవాడికి అందులో హక్కెక్కడ? పేటకి అక్షరం అందిన దారి మిషన్ బడి. మా తాతల్లో సంతకం చేయగలిగినవాళ్ళుంటే, ఆ సంతకం దిద్దించింది ఎక్కువగా ఆ బడులే.

ఇప్పుడు లేసు దగ్గరికి వద్దాం. నరసాపురం పేరు ఈనాడు ప్రపంచంలో వినిపిస్తోందంటే లేసు వల్లే. 2024లో నరసాపురం క్రోషే లేసుకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పత్రికలన్నీ ఒకే కథ రాశాయి: 19వ శతాబ్దంలో మెక్రే దంపతులనే స్కాట్లండు మిషనరీలు ఇక్కడి 'మహిళలకి' లేసు నేర్పారు, ఆ కళ నేటికీ బతికి ఉంది. ఈ 'మహిళలు' అనే మాట దగ్గరే మేము ఆగిపోతున్నాం. ఏ మహిళలు?

మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త 1970ల చివర ఇక్కడికొచ్చి, ఇల్లిల్లూ తిరిగి రాసిన పుస్తకం 1982లో వచ్చింది. లేసు మీద అంతకంటే ముఖ్యమైన పుస్తకం ఇంకా రాలేదు. ఆవిడ చెప్పినదాన్ని బట్టి మొదట లేసు నేర్చింది క్రైస్తవం తీసుకున్న బీద దళిత స్త్రీలు. కొత్తగా మతం పుచ్చుకుని, కరువుల్లో కూలి కూడా దొరకనివాళ్ళకి బతుకుతెరువుగా మిషనరీల భార్యలు ఆ కొక్కెం సూది చేతికిచ్చారు. తరవాత తరవాత అది కాపు ఇళ్ళల్లోకి వెళ్ళింది. ఇల్లు దాటి పొలం పనికి రాకూడదన్న ఘోషా మర్యాద ఉన్న బీద కాపు స్త్రీలకి, గడప లోపలే కూర్చుని చేయగల పని అదే. 1970ల నాటికి లేసు అల్లేవాళ్ళు లక్షకి పైనే ఉన్నారు. రోజంతా అల్లినా రూపాయి కూడా గిట్టేది కాదు. వ్యవసాయ కూలి స్త్రీకి చట్టం చెప్పిన కనీస కూలిలో అది మూడో వంతు కూడా కాదు. వాళ్ళని కార్మికులుగా ఎవరూ లెక్కపెట్టలేదు. 'గృహిణులు', తీరిక వేళల్లో అల్లుకుంటున్నారు, అన్నారు. పచ్చవిప్లవంతో చేతిలో డబ్బాడిన రైతు కుటుంబాల మగవాళ్ళు ఎగుమతిదారులయ్యారు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. సూది పట్టిన కాపు స్త్రీ మీద మాకు కోపం లేదు. కులమర్యాద అనే పేరుతో ఆమె శ్రమని సగం ధరకి, పావు ధరకి కొన్నారు. పొలంలో ఊడ్చే మాల స్త్రీ ఆమెకంటే ఎక్కువ కూలి తెచ్చుకుంది, బజారులో నోరెత్తి అడగగలిగింది. అయినా 'మేం బయట పనికి పోయేవాళ్ళం కాదు' అనే గొప్ప ఒక్కటి ఆమెకి మిగిల్చారు. దాని ఖర్చు ఆమే భరించింది. కులం పై మెట్టు స్త్రీని కూడా ఎట్లా పిండుతుందో తెలుసుకోవాలంటే నరసాపురం లేసుకంటే మంచి ఉదాహరణ లేదు. మన స్త్రీవాద మిత్రులు మీస్ పుస్తకంలో 'గృహిణి'ని చదివారు. ఆ పక్కనే ఉన్న కులాన్ని చదవలేదు.

ఒక పేటలో మేము ఒక పెద్దావిడని అడిగాం, మామ్మా, లేసు మీరెవరి దగ్గర నేర్చుకున్నారని. "నేర్పేదెవరు బాబూ, మాయమ్మ వేళ్ళు చూసి అల్లేసేదాన్ని" అంది. వాళ్ళమ్మకి వాళ్ళమ్మ. ఆ వరస వెనక్కి లాగితే మిషన్ బంగళా వరండాకి చేరుతుంది. ఆవిడ ఇంట్లో ఇప్పుడు లేసు ఎవరూ అల్లరు.

భౌగోళిక గుర్తింపు అంటే సన్మానపత్రం కాదు. 1999 నాటి చట్టం ప్రకారం ఆ పేరుని వ్యాపారంలో వాడుకోవాలంటే అధీకృత వినియోగదారుగా నమోదు కావాలి. ఆ నమోదులో ఎవరి పేర్లు ఎక్కుతాయి? ఎగుమతిదారు ఎక్కుతాడు, ఏజంటు ఎక్కుతాడు. ఇంట్లో కూర్చుని అల్లే ఆవిడ సంఘం పేరు మీద ఎక్కవచ్చు. మొదట నేర్చిన పేట ఎక్కడానికి దారి కష్టం, ఎందుకంటే కాగితాల్లో ఆ పేటే లేదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్న దళితులు షెడ్యూల్డు కులం కారు. రాష్ట్రం వాళ్ళని బి.సి.-సి లో పెట్టింది. ఉద్యోగం కోసం కొందరు హిందువులమని రాయించుకుంటారు, ఆదివారం చర్చికి వెళ్తారు. కాబట్టి ఎస్.సి. మహిళా కళాకారుల లెక్క తీస్తే లేసు మాలల కథ కనబడదు. లేసు క్రైస్తవుల లెక్క తీస్తే కులం కనబడదు.

మిషన్ రిజిస్టర్లలో మాత్రం కొంత దొరుకుతుంది. ఈ ప్రాంతపు దళిత స్త్రీల పేర్లు కాగితం మీద మొదట పడింది బాప్తిస్మం, పెళ్ళి, సమాధి పద్దుల్లోనే. పాతవి చెద పట్టాయి, కొన్ని ఇంగ్లండు చేరాయి, మిగిలినవి చర్చి పెట్టెల్లో ఉన్నాయి. వాటిని తీయించి, నకళ్ళు రాసుకోవడం మేము మొదలుపెట్టాం. నరసాపురం, పాలకొల్లు, ఆచంట, పెనుగొండ వైపు మిత్రులు తమ ఇళ్ళల్లో ముసలివాళ్ళని అడిగి మూడు సంగతులు రాసి పంపితే ఉపకరిస్తుంది: ఇంట్లో మగ్గం ఉండేదా, రంగం ఎవరైనా పోయారా, లేసు సూది ఎవరి చేతిలో మొదట చూశారు. టీచర్లు తమ క్లాసు పిల్లల చేత అడిగించినా సరే. పేరుపాలెం విహారయాత్రకి పిల్లల్ని తీసుకెళ్ళే బడులు నరసాపురంలో రెండు గంటలు ఆపగలిగితే, మాధవాయిపాలెం రేవునుంచి పేట దాకా నడిపించడానికి మేము వస్తాం.