బ్రిటిష్ పౌరసత్వ దరఖాస్తు: యూకేకి వచ్చిన తేదీల లెక్క

ఐఎల్‌ఆర్ వచ్చి ఏడాది నిండగానే మన ఇళ్లలో మొదలయ్యే మాట సిటిజన్‌షిప్. రిఫరీలుగా ఎవరు సంతకం పెడతారా అని ఆలోచిస్తాం. తీరా ఫారం ఏఎన్ తెరిచాక చాలామంది ఆగిపోయేది ఇంకోచోట. మీరు యూకేకి ఎప్పుడు వచ్చారు, గత ఐదేళ్లలో ఎప్పుడెప్పుడు బయటికి వెళ్లి ఎప్పుడెప్పుడు తిరిగొచ్చారు అన్నచోట. మా ఇంట్లో పాస్‌పోర్టుల లెక్క చూసేది నేనే కాబట్టి, స్నేహితులు ఫోన్ చేసి అడిగేవన్నీ ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

ముందుగా, వచ్చిన తేదీ అంటే వీసా మొదలైన తేదీ కాదు. హైదరాబాద్‌లో విమానం ఎక్కిన తేదీ కూడా కాదు. యూకే ఇమిగ్రేషన్ దాటి లోపలికి అడుగుపెట్టిన తేదీ. రాత్రి పది గంటలకి శంషాబాద్‌లో ఎక్కి దుబాయ్ మీదుగా వస్తే ఇక్కడ దిగేది మర్నాడే. టికెట్ మీద మొదట కనిపించే తేదీ రాసేస్తే ఒకరోజు తేడా వస్తుంది.

రెండోది, భర్త తేదీ భార్య తేదీ కాదు. ఆయన ముందొచ్చి, ఇల్లు చూసుకుని, ఏడాదిన్నర తర్వాత మనం డిపెండెంట్‌గా వస్తే మన లెక్క మనం దిగిన రోజునుంచే. వేసవి సెలవులకి అందరూ కలిసి వెళ్లినా ఆయన రెండు వారాలకే ఉద్యోగానికి వచ్చేస్తారు, పిల్లలూ మనమూ ఆరు వారాలు ఉంటాం. ఆయన పట్టికని కాపీ చేసి పేరు మార్చడం కుదరదు. ఎప్పుడో చదువుకోడానికి వచ్చి వెళ్లిపోయి, మళ్లీ ఉద్యోగం మీద వచ్చినవాళ్లు ప్రశ్నని ఇంకాస్త నెమ్మదిగా చదవాలి. మొదటి రాక అని అడిగితే ఆ పాత తేదీయే రాయాలి. రోజుల లెక్క మాత్రం అర్హత కాలానికే.

ఆ అర్హత కాలం 1981 నాటి బ్రిటిష్ నేషనాలిటీ యాక్ట్‌లో ఉంది. మామూలుగా ఐదేళ్లు. భర్త గాని భార్య గాని అప్పటికే బ్రిటిష్ పౌరులైతే మూడేళ్లు. ఐదేళ్ల దారిలో మొత్తం 450 రోజులకి మించి బయట ఉండకూడదు, మూడేళ్ల దారిలో 270. రెంటిలోనూ చివరి 12 నెలల్లో 90 రోజులు దాటకూడదు. ఐఎల్‌ఆర్‌కి చాలామంది లెక్కపెట్టుకున్న ఏ 12 నెలల్లోనైనా 180 రోజులు అన్న నియమం వేరు, ఇది వేరు. అది సరిపోయింది కదా అని దీన్ని వదిలేయకండి.

రోజులు లెక్కపెట్టే పద్ధతి మనకి అనుకూలంగానే ఉంది. బయల్దేరిన రోజు, తిరిగొచ్చిన రోజు లెక్కలోకి రావు. పూర్తిగా బయట గడిపిన రోజులే వస్తాయి. జూలై 20 సాయంత్రం హీత్రోలో ఎక్కి ఆగస్టు 29 ఉదయం తిరిగి దిగారనుకోండి. జూలై 21 నుంచి ఆగస్టు 28 వరకు, అంటే 39 రోజులు. అన్నీ కలిపి 41 వేసుకుని బెంగపడక్కర్లేదు. పది ప్రయాణాలుంటే ఇరవై రోజుల తేడా అది.

అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతీసేది ఇంకో నియమం. ఐదేళ్ల కాలం మొదలైన రోజున మీరు యూకేలో ఉండి ఉండాలి. 2025 అక్టోబర్ 15న దరఖాస్తు హోం ఆఫీస్‌కి చేరితే 2020 అక్టోబర్ 16న మీరు ఇక్కడ ఉన్నారా అన్నది చూస్తారు. ఒకరోజు ముందుకి జరిగిందేమిటా అనుకోకండి, ఐదేళ్లు దరఖాస్తు రోజుతో ముగుస్తాయి కాబట్టి మొదలయ్యేది 16న. ఆ రోజు గుంటూరులోనో వరంగల్‌లోనో ఉంటే ఆగడమే మంచిది. తిరిగొచ్చిన తేదీ దాటేలా కొన్ని వారాలు ఆగి దరఖాస్తు పెడితే సరిపోతుంది. ప్రత్యేక పరిస్థితుల్లో సడలించే అధికారం హోం ఆఫీస్‌కి ఉంది గాని, దాన్ని నమ్ముకుని 1,500 పౌండ్ల పైచిలుకు ఫీజు కట్టడం నాకు తెలివైన పనిగా తోచదు. తిరస్కరిస్తే ఆ ఫీజు వెనక్కి రాదు.

కరోనా కాలం ఈ లెక్కలో పడేవాళ్లు మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. 2020 మార్చిలో ఇండియా అంతర్జాతీయ విమానాలు ఆపేసింది. 2021 ఏప్రిల్ 23న యూకే ఇండియాని రెడ్ లిస్టులో పెట్టింది, ఆగస్టు 8న తీసింది. రెండు వారాలకని వెళ్లి నెలలు చిక్కుకున్నవాళ్లు ఎందరో. ఆ తేదీలు గుర్తులేకపోతే ఈమెయిల్‌లో ప్యాసింజర్ లొకేటర్ ఫారం అని వెతకండి. 2022 మార్చి 18 వరకు యూకేలో దిగేవాళ్లు నింపాల్సిన ఫారం అది, దిగే తేదీ అందులోనే ఉంటుంది. హోటల్ క్వారంటైన్ రసీదు ఉంటే ఇంకా మంచిది.

పురిటికి పుట్టింటికి వెళ్లే ఆడపిల్లల సంగతి విడిగా చెప్పాలి. ఏడో నెలలో వెళ్లి, బిడ్డకి మూడో నెల వచ్చాక తిరిగొస్తే 150 రోజులు దాటుతాయి. మొత్తం 450లో అది ఇమిడిపోవచ్చు, చివరి ఏడాది 90లో మాత్రం ఇమడదు. కొద్దిపాటి ఎక్కువైతే, అంటే చివరి ఏడాదిలో 100 వరకు, ఐదేళ్లలో 480 వరకు, మిగతా షరతులన్నీ సరిగా ఉంటే సాధారణంగా పట్టించుకోరు. 150 అలాంటిది కాదు. ఆ ప్రయాణం చివరి 12 నెలల నుంచి తగినంత బయటికి జరిగేదాకా ఆగాలి. ఆయన అర్హత వచ్చింది కదా అని ఇద్దరి దరఖాస్తులూ ఒకేరోజు పెట్టాలన్న నియమమేమీ లేదు. ఆయనది ముందు పెట్టనివ్వండి.

ఇక తేదీలు ఎక్కడ దొరుకుతాయి? యూకే నుంచి వెళ్లేటప్పుడు ఇక్కడ స్టాంపు వేయరు. తిరిగొచ్చేటప్పుడూ ప్రతిసారీ వేస్తారన్న భరోసా లేదు. ఇండియా స్టాంపులు బాగా పనికొస్తాయి, రాకకీ పోకకీ వేస్తారు. కాకపోతే అవి ఇండియా తేదీలు. అర్ధరాత్రి దాటాక శంషాబాద్‌లో స్టాంపు పడి, తెల్లవారుజామున ఎక్కి, అదే రోజు లండన్‌లో దిగితే రెండు తేదీలూ ఒకటే. ముందురోజు రాత్రి ఎక్కితే వేరు. స్టాంపుని టికెట్‌తో కలిపి చూసుకోవాలి. పారిస్ నుంచి యూరోస్టార్‌లో వస్తే యూకే అధికారులు రైలెక్కకముందే అక్కడే తనిఖీ చేస్తారు. డబ్లిన్ నుంచి వస్తే అసలు ఇమిగ్రేషన్ కౌంటరే ఉండదు, స్టాంపూ ఉండదు. అయినా ఐర్లాండ్‌లో గడిపిన రోజులు బయట గడిపినవే. చుట్టాలింటికి వెళ్లొచ్చాం, అదేమి లెక్క అనుకోవద్దు. జెర్సీ, గెర్న్సీ, ఐల్ ఆఫ్ మ్యాన్ మాత్రం ఈ చట్టం దృష్టిలో యూకే కిందే లెక్క.

నేనైతే నోటుబుక్కులో ఒక్కో ప్రయాణానికి ఒక్కో వరస రాస్తాను. వెళ్లిన తేదీ, వచ్చిన తేదీ, దేశం, కారణం, ఆధారం. బీఎస్సీలో ల్యాబ్ రికార్డు రాసిన అలవాటు ఇప్పుడు పనికొచ్చింది. ఐఎల్‌ఆర్‌కి ఇచ్చిన పట్టిక కాపీ ఉంటే పక్కన పెట్టుకుని పోల్చండి. రెండిటికీ తేడా వస్తే ఏది సరైనదో ఆధారంతో తేల్చుకుని, వివరణ లేఖ ఒకటి జతచేయండి. పొరపాటుకి వివరణ ఉంటుంది. తెలిసి తప్పు రాస్తే అది సత్ప్రవర్తన షరతుకే ఎసరు, పౌరసత్వం వచ్చాక కూడా దాన్ని రద్దు చేసే వీలు చట్టంలో ఉంది.

పాత పాస్‌పోర్టు పోయి, టికెట్లూ దొరక్కపోతే హోం ఆఫీస్‌కి సబ్జెక్ట్ యాక్సెస్ రిక్వెస్ట్ పెట్టొచ్చు. మన గురించి వాళ్ల దగ్గరున్న రికార్డులు, ప్రయాణ వివరాలతో సహా, అడిగి తీసుకోవచ్చు. రుసుము లేదు. మామూలుగా నెల గడువు కాబట్టి ముందే పెట్టాలి. ఉద్యోగం చేసేవాళ్లకి ఇక్కడ ఉన్నట్టు చూపించడానికి పీ60లు, కంపెనీ లేఖ ఉంటాయి. మనలాంటి గృహిణులకి అవి ఉండవు. జీపీ దగ్గర రికార్డు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఇద్దరి పేర్లూ ఉన్న కౌన్సిల్ టాక్స్ బిల్లులు, పిల్లల స్కూలు నుంచి మన పేరు మీద వచ్చిన ఉత్తరాలు దాచుకోవాలి. బిల్లులన్నీ ఆయన పేరు మీదే ఉంటే కనీసం ఒక్కదాంట్లో ఈ వారమే మీ పేరు చేర్పించండి.