రేవు, దండెం, డ్రయ్యర్

చాకిరేవు అనగానే బండ మీద బట్ట బాదే చప్పుడే గుర్తొస్తుంది గాని, అక్కడ అసలు పని ఉబ్బ. ఇంటింటా పోగుచేసిన మాసిన బట్టల్ని చౌడు కలిపిన నీళ్లలో ముంచి పిండేవారు. పొయ్యి మీద పెద్ద బాన, బానలో నీళ్లు. దాని మూతి చుట్టూ ఆ బట్టల్ని గోపురంలా పేర్చి కింద మంట పెడితే, ఆవిరి పొరపొరలోంచీ పైకి ఎగదన్నేది. రాత్రంతా ఉబ్బ, తెల్లవారాక బండ. చవిటి నేలల్లో ఎండకు పైకి తేలే తెల్లటి పొరలో సోడియం కార్బొనేట్ ఉంటుంది. కొట్లో దొరికే చాకలి సోడాలో ఉండేదీ అదే. వేడి తగిలితే ఆ క్షారం బట్టకు పట్టిన జిడ్డును సబ్బుగా మార్చి నీళ్లలో కలిపేస్తుంది. అంటే సబ్బు కొనే పని లేకుండా, మురికిలోంచే సబ్బు పుట్టించే ఉపాయం అది.

ఎవరి బట్ట ఎవరిదో పోల్చుకోవడానికి అంచు మూల జీడిగింజ రసంతో చిన్న గుర్తు పెట్టేవారు. గాలి తగిలి నల్లబడిన ఆ మరక ఎన్ని ఉబ్బలు వేసినా వదలదు. చదువు రాని చేతులు పెట్టిన ఆ చుక్కలు, గీతలు ఊళ్లో ప్రతి ఇంటికీ ఒక చిరునామా. ఈ పనికి కూలి రోజువారీ డబ్బుగా కాక, పంట నూర్చిన కళ్లంలో మేరగానూ, పొద్దుగూకాక ఇల్లిల్లూ తిరిగి తెచ్చుకునే అన్నంగానూ అందేది. పురుటి మైల బట్టలు, చావు మైల బట్టలు, పెళ్లి ఊరేగింపులో దివిటీ కూడా చాకలి కులం నెత్తినే ఉండేవి. నిజాం పాలనలోని తెలంగాణలో దొరల ఇళ్లలో ఇదంతా కూలి లేని వెట్టి. పాలకుర్తిలో విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి కౌలు భూమిలో పండించిన పంటను నిలబెట్టుకున్న చిట్యాల ఐలమ్మ జనం నోట చాకలి ఐలమ్మగానే నిలిచింది. నలుగురిలో ఒకరిని దులిపేస్తే ‘చాకిరేవు పెట్టారు’, ‘ఉతికి ఆరేశారు’ అనే భాషకు మాత్రం ఆ చాకిరీ బరువు గుర్తున్నట్టు కనిపించదు.

ఇంటి బట్టలతోనే ఈ విద్య ఆగిపోలేదు. ఇంగ్లిష్ కంపెనీ 1611లో మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టిన నాటికే కోరమండల్ తీరపు బట్టకు సముద్రం అవతల గిరాకీ ఉంది. మగ్గం దిగిన ముతక బట్టను ఓడ ఎక్కించే ముందు తెల్లగా చేయాల్సింది ఉతికేవాళ్లే. మద్రాసులో వాషర్‌మన్‌పేటకు ఆ పేరు రావడానికి కారణం ఇలాంటి పనే. పెడన కలంకారీకి రంగు ఎంత ముఖ్యమో, పారే కాలువ నీళ్లలో జాడింపూ అంతే ముఖ్యం.

రేవు నుంచి తెల్లగా మెరుస్తూ వచ్చినా, ఆచారం పాటించే ఇళ్లలో ఆ బట్ట మడి కాదు. దాన్ని ఇంట్లో మళ్లీ నీళ్లలో జాడించి, ఎవరి చెయ్యీ తగలని ఎత్తులో ఆరేయాలి. అందుకే వెనక వసారాలో కప్పుకు కాస్త కిందుగా వెదురు దండెం వేలాడేది, పక్కనే గోడకు ఆనించి ఒక పొడుగాటి కర్ర. తడిచీరను ఆ కర్ర చివరకు తగిలించి పైకెత్తి, దండెం మీదుగా అవతలికి జార్చి, మడతలు విడిపోయేలా కర్రతోనే సర్దడం చెయ్యి తిరిగితే గాని రాని పని. దాంతో ఉతకడం రేవుది, చివరిగా ఆరేయడం ఇంటి ఆడవాళ్లది అయింది. తర్వాత వచ్చిన యంత్రాల కథ అర్థం కావాలంటే ఈ రెండు పనులనూ విడివిడిగా చూడక తప్పదు.

ఉబ్బను ఆర్పింది యంత్రం కాదు, పొడి. దేశంలో సర్ఫ్ 1959లో వచ్చింది. పదేళ్లకు, 1969లో, అహ్మదాబాద్‌లో కర్సన్‌భాయ్ పటేల్ నిర్మా మొదలుపెట్టి, మామూలు ఇల్లాలు కొనగలిగే ధరకు డిటర్జెంట్‌ను దించాడు. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉంటే మామూలు సబ్బు నురగ కట్టదు, తెల్లటి తెట్టు కడుతుంది. డిటర్జెంట్‌కు ఆ బాధ లేదు. రాతి నేలల తెలంగాణలో, రాయలసీమలో ఇది చిన్న సంగతి కాదు. ఈలోగా టెరిలిన్ లాంటి పాలియెస్టర్ బట్టలు ఒంటి మీదికొచ్చాయి. వాటిని ఉడకబెట్టనక్కర్లేదు, ఉడకబెడితే పాడవుతాయి కూడా. బకెట్లో నానబెట్టి, బ్రష్షుతో రుద్ది, పెరట్లో తీగ మీద వేస్తే గంటలో ఆరిపోతాయి. ఉతుకు రేవు నుంచి స్నానాలగదికి మారింది, చాకలి చేతిలో ఇస్త్రీ పెట్టె మిగిలింది. పని ఇంట్లోకి వచ్చిందంటే ఇల్లాలి నడుం మీదికి వచ్చినట్టే.

ఆ బరువు దించే, ఇరుకిళ్లకు సరిపోయే చిన్న ఉతుకు యంత్రాల మీద జపాన్‌లో గట్టి కృషి జరిగింది. 1953లో సాన్యో కంపెనీ తెచ్చిన చిన్న యంత్రంలో తొట్టి పక్కగోడన తిరిగే చక్రం నీటిని సుడి తిప్పేది. ఉతికే తొట్టి, నీరు పిండే తొట్టి పక్కపక్కన ఉండే జంట తొట్ల యంత్రాన్ని బ్రిటన్‌లో హూవర్ 1957లో అమ్మకానికి పెట్టింది. 1980ల చివర్లో భారతీయ మధ్యతరగతి ఇళ్లలో చోటు సంపాదించుకున్నది ఈ జంట తొట్ల రకమే. పేరు సెమీ ఆటోమేటిక్. నల్లా రోజుకో గంట వచ్చినా, కరెంటు మధ్యలో పోయినా దీనికి పెద్ద ఇబ్బంది లేదు: బకెట్‌తో నీళ్లు పోయవచ్చు, ఆగినచోటి నుంచి మళ్లీ టైమర్ తిప్పవచ్చు. ఒకసారి తెల్లబట్టలు ఉతికిన సబ్బు నీళ్లలోనే రంగువీ, ఆ తర్వాత మసిగుడ్డలూ వేయవచ్చు. పూర్తి ఆటోమేటిక్ యంత్రం ఈ పొదుపును ఒప్పుకోదు.

ఆ రెండో తొట్టికి తెలుగిళ్లలో స్థిరపడిన పేరు ‘డ్రయ్యర్’. నిజానికి అందులో ఆరడమేమీ లేదు. నిమిషానికి 1,300 చుట్లకు పైగా తిరిగి, తొట్టి గోడకున్న చిల్లుల్లోంచి నీటిని బయటికి విసరడమే దాని పని. పైమూత పూర్తి ఆటోమేటిక్ యంత్రాలు చాలావరకు 700 చుట్ల దగ్గర ఆగుతాయి కాబట్టి, పిండటంలో పాత జంట తొట్లదే పైచేయి. బట్టల్ని గుండ్రంగా సర్ది, పైన చిల్లుల ప్లాస్టిక్ పలక నొక్కి, మూత వేయాలి. ఒకవైపు బరువైతే యంత్రం గడగడలాడి చోటు కదులుతుంది. బయటికొచ్చిన బట్ట ముద్దగా, చెమ్మగా ఉంటుంది. దాన్ని ఆరబెట్టేది ఎండే. వేడిగాలితో ఆరబెట్టే అసలు డ్రయ్యర్ పేరును ఈ పిండే తొట్టి ముందే పట్టేసింది. ఏడాదిలో ఎక్కువ నెలలు మండే ఎండ ఊరికే దొరికే చోట ఆ పేరు తిరిగి ఇమ్మని అడిగినవాళ్లూ లేరు.

అసలు డ్రయ్యర్ చాలామంది తెలుగు పెద్దలకు ఎదురైంది అమెరికాలో, పిల్లల ఇంట్లో. పెరట్లో తీగ కట్టడాన్ని ఒప్పుకోని కాలనీ సంఘాలు అక్కడ ఎన్నో ఉన్నాయి. 27 అంగుళాల వెడల్పు యంత్రాలు రెండు, వేడిగాలి బయటికి పోయే గొట్టం, 240 వోల్టుల ప్రత్యేక సాకెట్ అక్కడ మామూలు. నేత చీర అందులో కుంచించుకుపోతుంది, జరీ పాడవుతుంది. కుర్చీల వీపుల మీద పంచెలు ఆరేసుకోవడం అక్కడికి వెళ్లివచ్చిన పెద్దల చాలా కబుర్లలో వినిపించే మాట. వంటింటి బల్ల కింద, అల్మరాలో ఇమిడే 60 సెంటీమీటర్ల చిన్న జతలు యూరప్ ఇళ్ల కొలత. గొట్టం అక్కర్లేకుండా ఆవిరిని నీరుగా మార్చి తొట్టిలో పట్టే కండెన్సర్ రకం, తక్కువ వేడితో తక్కువ కరెంటు తాగే హీట్ పంప్ రకం అక్కడే బాగా వాడుకలోకి వచ్చాయి. ఇప్పుడు హైదరాబాద్, విజయవాడ షోరూముల్లోనూ దొరుకుతున్నాయి.

పిల్లలు దూరాన ఉండి, పెద్దవాళ్లిద్దరే మిగిలిన ఇంట్లో పాత లెక్కలు తలకిందులవుతాయి. నీళ్లు మిగిల్చే జంట తొట్ల యంత్రమే అక్కడ కష్టమైనది: నీరు పీల్చిన దుప్పటిని ఒక తొట్టిలోంచి ఎత్తి ఇంకోదాంట్లో వేయడం డెబ్బై దాటిన భుజానికి అయ్యే పని కాదు. పైమూత యంత్రానికి నడుం వంగనక్కర్లేదు గాని, పొట్టి మనిషికి అడుగున పడ్డ జేబురుమాలు అందదు. ముందు తలుపు రకం నీళ్లు తక్కువ తాగుతుంది, కాకపోతే కింద పీట వేసి లేపకపోతే మోకాళ్ల మీద కూర్చోవాలి, ట్యాంకు నీళ్ల ఒత్తిడీ చాలాలి. ఉతికి అందులోనే ఆరబెట్టే ఒంటి యంత్రంతో చోటు కలిసొస్తుంది, అయితే 8 కిలోలు ఉతికేది ఒక్క విడతలో అన్నీ ఆరబెట్టలేదు. సగం తీసి బయట వేయాలని అమ్మేవాళ్లు ముందే చెప్పడం తక్కువ. వేడి పుట్టించే యంత్రం కాబట్టి ఇంటి ఇన్వర్టర్ మీదా నడవదు. ఇవన్నీ సర్దుకున్నా చివరికి మిగిలేది మేడ మెట్లు: తడిబట్టల బకెట్‌తో డాబా ఎక్కడం. ఉతుకు ఎప్పుడో యంత్రానికి పోయింది, ఆరేయడం మాత్రం ఇన్నాళ్లూ మనిషి దగ్గరే ఆగిపోయింది.

దానికి ఎక్కువ ఇళ్లు వెతుక్కున్న జవాబు డ్రయ్యర్ కాదు. వంటింటి వెనక యుటిలిటీలో, బాల్కనీలో కప్పుకు బిగించే స్టీలు గొట్టాల దండెం. ఒక్కో గొట్టానికి ఒక్కో తాడు, కప్పీల మీదుగా గోడ దాకా. తాడు వదిలితే గొట్టం గుండె ఎత్తుకు దిగుతుంది, బట్టలు వేసి లాగితే ఫ్యాను గాలి తగిలే చోటికి వెళుతుంది. వెనకటి వసారాలో ఎవరూ తాకకూడదని దండేన్ని ఆ ఎత్తున కట్టారు, దాన్ని అందుకోవడానికి కర్ర పెట్టారు. ఇప్పుడు ఎత్తిన చెయ్యి నొప్పి పెడుతుందని దండెమే కిందికి దిగివస్తోంది.