జంతువుల కొంకి పురుగులు

కొంకి పురుగులు కుక్కలు, పిల్లులు, పశువులు, మనుషుల చిన్న పేగుల్లో ఉంటూ రక్తం తాగే పరాన్నజీవులు. తల భాగం వీపు వైపు కొంకిలా వంగి ఉంటుంది. పొడవు ఒక సెంటీమీటరు, ఆపైన కాస్త. నోట్లోని పళ్లతోనో, పలకలతోనో పేగు లోపలి పొరను కొరికి పట్టుకుంటాయి. రక్తం గడ్డకట్టకుండా చేసే పదార్థాలను గాయంలోకి వదులుతాయి. ఒకచోట తాగి ఇంకోచోటికి మారాక కూడా పాత గాయం నుంచి రక్తం కారుతూనే ఉంటుంది. జంతువుకు నష్టం పురుగు తాగిన దానితో ఆగిపోదు.

కుక్కల్లో ముఖ్యమైనది ఆంకైలోస్టోమా కెనైనం, పిల్లుల్లో ఆంకైలోస్టోమా ట్యూబేఫార్మే. బ్రెజిలియన్స్, సెలానికం అనే జాతులు రెండింటికీ సోకుతాయి. చలి ప్రాంతాల కుక్కల్లో, నక్కల్లో అన్సినేరియా స్టెనోసెఫాలా కనిపిస్తుంది. పశువులు, గొర్రెలు, మేకల్లో ఉండేవి బునోస్టోమమ్ జాతులు. మన కాపరులు నట్టలు అని ఒకే పేరుతో పిలిచే పురుగుల్లో ఇవీ ఉంటాయి. వీటన్నిటిలో మనుషులకు చిక్కు ప్రధానంగా కుక్క, పిల్లి పురుగులతోనే.

జీవితచక్రం

మలంతో బయటపడిన గుడ్లు తేమ, వెచ్చదనం, నీడ దొరికితే ఒకటి రెండు రోజుల్లో పొదుగుతాయి. లార్వాలు సుమారు వారంలో సోకే దశకు చేరి, తడి మట్టిలో వారాల తరబడి బతుకుతాయి. ఎండకు, పొడికి మాత్రం తట్టుకోలేవు. నోటి ద్వారానే కాక చర్మాన్ని తొలుచుకుని కూడా లోపలికి వెళ్లగలవు. ఈ రెండో దారి బయటపడింది ఒక ప్రమాదం వల్ల. 19వ శతాబ్దం చివర్లో కైరోలో పనిచేస్తున్న జర్మన్ శాస్త్రవేత్త ఆర్థర్ లూస్ చేతిపై లార్వాలున్న నీరు ఒలికింది. చర్మం ఎర్రబడి దురద పెట్టింది, కొన్ని వారాలకు ఆయన మలంలోనే గుడ్లు కనిపించాయి. చర్మం నుంచి రక్తం, ఊపిరితిత్తులు, గొంతు మీదుగా పేగులకు చేరడమే వాటి ప్రయాణం.

కెనైనం జాతికి మరో దారి ఉంది, కుక్కపిల్లలకు అదే ప్రాణాంతకం. పెద్ద కుక్కలో కొన్ని లార్వాలు పేగుకు పోకుండా కండరాల్లో నిద్రాణంగా ఉండిపోతాయి. కుక్క ఈనే సమయానికి మేల్కొని పాలలోకి వస్తాయి. ఒకసారి సోకిన లార్వాలు ఒకటికి మించిన ఈతల్లో పిల్లలకు అందవచ్చు. మామూలు నట్టల మందు పేగులోని పురుగులను చంపుతుందే గాని ఈ దాగినవాటిని తాకదు. పిల్లల చిగుళ్లు తెల్లబడతాయి, మలం తారులా నల్లగా వస్తుంది. రెండు మూడు వారాల వయసులోనే, మలంలో గుడ్లు కనిపించకముందే చనిపోవచ్చు. ఆ వయసు పిల్లకు మలపరీక్షలో ఏమీ లేదని వస్తే దాన్ని నమ్ముకోకూడదు.

మనుషులకు సోకడం

ఇల్లు కట్టడానికి వీధిలో పోసిన ఇసుక కుప్ప పిల్లలకు ఆటస్థలం, పిల్లులకు మరుగుదొడ్డి. సముద్రతీరాల ఇసుకా అంతే. బ్రెజిలియన్స్ లార్వా మనిషి పాదంలోకి దూరుతుంది కానీ లోతుకు పోలేక చర్మం పైపొర కిందే దారి వెతుక్కుంటూ తిరుగుతుంది. రోజుకు కొన్ని మిల్లీమీటర్ల నుంచి ఒకటి రెండు సెంటీమీటర్ల వరకు ఎర్రటి వంకరగీత సాగుతుంది, రాత్రుళ్లు నిద్రపట్టనంత దురద. వారాల్లోనో నెలల్లోనో అదే చచ్చిపోతుంది. వైద్యులు ఐవర్‌మెక్టిన్ లేదా ఆల్బెండజోల్ ఇస్తే త్వరగా తగ్గుతుంది.

కెనైనం మనిషి పేగులోకి చేరినా గుడ్లు పెట్టే స్థితికి రాదు. అయినా ఒక్క పురుగే తీవ్రమైన కడుపునొప్పి తెప్పించగలదు. ఆస్ట్రేలియాలోని ఉత్తర క్వీన్స్‌లాండ్‌లో 1990 ప్రాంతంలో ఇది బయటపడింది. అపెండిక్స్ అనుకుని కోత పెట్టించుకున్న రోగులూ వారిలో ఉన్నారు.

అసలు పట్టించుకోవలసింది సెలానికంను. జంతువుల కొంకి పురుగుల్లో మనిషి పేగులో పూర్తిగా ఎదిగి గుడ్లు పెట్టేది ఇదే. లూస్ 1911లో సిలోన్ పునుగుపిల్లి నుంచి దీన్ని వర్ణించాడు. రెండేళ్లకే, 1913లో, క్లేటన్ లేన్ దీన్ని బెంగాల్‌లో మనుషుల్లో గుర్తించాడు. కానీ అదీ, బ్రెజిలియన్సూ ఒకటేనన్న వాదం నెగ్గడంతో, 1951లో ఇటలీ శాస్త్రవేత్త బియోకా వేరుచేసేదాకా రెండూ ఒకే పేరు కింద ఉండిపోయాయి. గుడ్లను మైక్రోస్కోపులో చూసి ఏ జాతివో చెప్పడం ఎటూ కుదరదు. జన్యుపరీక్షలు వచ్చాకే ఆగ్నేయాసియాలో మనుషులకు సోకే కొంకి పురుగుల్లో ఇది రెండో స్థానంలో ఉందని తేలింది.

నివారణ

దేశంలో 2015 నుంచి జరుగుతున్న జాతీయ నులిపురుగుల నివారణ దినోత్సవాన బడుల్లో, అంగన్‌వాడీల్లో పిల్లలకు ఆల్బెండజోల్ ఇస్తున్నారు. మంచి పనే, కానీ అది మనుషుల వరకే. సెలానికం ఉన్న ఊళ్లో మాత్ర మింగిన పిల్లవాడికి వీధికుక్క నుంచి మళ్లీ సోకుతుంది. కుక్కపిల్లలకు రెండు వారాల వయసు నుంచే, పాలు మరిచేదాకా రెండు వారాలకోసారి మందు వేయాలి. తల్లికీ అప్పుడే వేయాలి. లార్వాలు సోకే దశకు రావడానికి రోజులు పడుతుంది కనుక మలాన్ని ఏ రోజుది ఆ రోజే తీసేస్తే చాలావరకు అడ్డుకట్ట పడుతుంది. మందులపైనే పూర్తిగా ఆధారపడే కాలం కూడా పోతోంది: అమెరికాలో పందేల గ్రేహౌండ్ కుక్కల్లో ఫెన్‌బెండజోల్, పైరాంటెల్, ఐవర్‌మెక్టిన్ వర్గం మందులు మూడింటికీ లొంగని కెనైనం పురుగులు బయటపడ్డాయి, అలాంటివి ఇప్పుడు అక్కడి ఇళ్లలోని పెంపుడు కుక్కల్లోనూ కనిపిస్తున్నాయి.