హద్దెరిగిన దుప్పులు

1785 నాటి భూశాసనం అమెరికా పడమటి నేలలను మైలు పొడవు, మైలు వెడల్పు గల చదరాలుగా కొలవమన్నది. ఒక్కొక్కటి 640 ఎకరాలు. దాని పేరు సెక్షన్. కొండ ఎటు వాలిందో, వాగు ఎటు మళ్ళిందో ఆ గీతలకు పట్టలేదు. 1862లో లింకన్ సంతకంతో వెలువడిన పసిఫిక్ రైల్వే చట్టం ఆ చదరాలను చదరంగపు బల్లగా మార్చింది. పట్టాలు వేసే కంపెనీకి దారికి ఇరువైపులా 10 మైళ్ళ మేర బేసిసంఖ్య సెక్షన్లు దక్కాయి. సరిసంఖ్య సెక్షన్లు ప్రభుత్వం ఉంచుకున్నది. రెండేళ్ళకే ఆ మేర 20 మైళ్ళయింది. రైలు వస్తే తన వాటాకూ ధర పలుకుతుందని ప్రభుత్వం ఆశపడింది. కాని దక్షిణ వాయోమింగ్‌లోని నీరెరుగని మెట్టలకు కొనుగోలుదారులు కరవయ్యారు. ఒక గడి ప్రజలది, పక్క గడి ప్రైవేటుది అన్న ఆ అమరిక నేటికీ చెక్కుచెదరలేదు.

ఆ గీతలు ఖాళీ నేలపై పడినవి కావు. క్రో జాతివారు 1868 ఒప్పందంలో తమ భూమిలో అధికభాగం వదులుకుంటూ, ఎవరూ స్థిరపడని ప్రభుత్వ భూముల్లో వేటాడే హక్కును మాత్రం నిలుపుకున్నారు. 2014లో ఒక క్రో వేటగాడు ఎల్క్ మందను వెంబడిస్తూ మోంటానాలోని తమ రిజర్వేషన్ హద్దు దాటి వాయోమింగ్‌లోని బిగ్‌హార్న్ అడవిలో అడుగుపెట్టినందుకు శిక్షకు గురయ్యాడు. వాయోమింగ్ రాష్ట్రమైనంత మాత్రాన ఆ పాత హక్కు రద్దు కాలేదని సుప్రీంకోర్టు 2019లో తేల్చింది.

ఎల్క్ మన కణుజుకు దూరపు చుట్టం; పెద్ద మగది 300 కిలోలు దాటి తూగుతుంది. మాంసం, చర్మం, కోరల వ్యాపారం వల్ల 19వ శతాబ్దాంతానికి ఆ జాతి ఎల్లోస్టోన్ వంటి కొద్ది తావులకే పరిమితమైంది. ఇంగ్లండు అడవుల్లో జింక రాజుగారి సొత్తు. అమెరికా ఆ సంప్రదాయాన్ని తలకిందులు చేసింది. వన్యమృగాలు ప్రజల ఉమ్మడి సొత్తని, రాష్ట్రం వాటికి ధర్మకర్త వంటిదని 1896 నాటి గీర్ తీర్పు చెప్పింది. తరువాతి తీర్పులు దానిని సవరించినా, ఆ ధర్మకర్తృత్వ భావన నిలిచింది. 1900లో లేసీ చట్టం దొంగవేట సరుకును రాష్ట్రాల మధ్య అమ్మడాన్ని నేరం చేసింది. 1912లో జాక్సన్ లోయలో ఎల్క్‌లకు ఆశ్రయం ఏర్పడింది. 1937 చట్టం తుపాకులు, తూటాలపై వసూలైన పన్నును మృగసంరక్షణకు మళ్ళించింది. నేడు ఎల్క్‌ల సంఖ్య సుమారు 10 లక్షలు.

చిక్కు ఇక్కడే మొదలైంది. మృగం అందరిది, అది నిలిచిన నేల ఒకరిది.

శరదృతువులో వేట మొదలై ప్రజాభూముల్లో తుపాకులు మోగగానే మందలు వేటకు తావులేని ప్రైవేటు గడులకు జరుగుతాయి. ఆడ ఎల్క్‌లు వయసు పెరిగే కొద్దీ వేటగాళ్ళను తప్పించుకునే నేర్పు సాధిస్తాయని కెనడాలోని అల్బర్టాలో జరిగిన పరిశోధన చూపింది. హద్దురాయి వాటికి కనబడదు; తుపాకీ ఎక్కడ మోగదో మాత్రం తెలుసు. ఫలితంగా కొన్నిచోట్ల ప్రభుత్వం అనుకున్న సంఖ్యను మించి మందలు పెరుగుతాయి. అవి గడ్డివాములు మేసి, కంచెలు విరగ్గొట్టినప్పుడు నష్టం పొరుగు రైతుది. వాయోమింగ్ ప్రభుత్వం అందుకు పరిహారమూ చెల్లిస్తుంది.

మనుషుల తగాదా గడుల మూలల దగ్గర ముదిరింది. రెండు ప్రభుత్వ గడులు ఒక్క బిందువు వద్ద మాత్రమే తాకుతాయి. అక్కడ అడుగు మార్చేటప్పుడు శరీరం ప్రైవేటు నేల మీది గాలిని తాకక తప్పదు. భూమి గలవానిదే దానిపై ఆకాశం కూడా అన్నది పాత న్యాయసూత్రం. పడమటి రాష్ట్రాల్లో ఇలా మూలల మూలంగా అందకుండా పోయిన ప్రజాభూమి 83 లక్షల ఎకరాలని 2022లో ఒక అంచనా.

ఈ ఎత్తు పాతదే. పశువుల కామందులు తమ సెక్షన్ల అంచుల్లోనే కంచెలు వేసి, మధ్యనున్న ప్రభుత్వ భూమిని తమ బయలు చేసుకునేవారు. 1885 చట్టం దానిని నిషేధించింది. 1897లో క్యామ్‌ఫీల్డ్ కేసులో సుప్రీంకోర్టు అలాంటి కంచెను తీయించింది. అయితే 1979లో లియో షీప్ కేసులో అదే కోర్టు, మూల మీదుగా రోడ్డు వేసే హక్కు ప్రభుత్వానికి లేదన్నది.

2021లో మిస్సోరి నుంచి వచ్చిన నలుగురు వేటగాళ్ళు వాయోమింగ్‌లోని ఎల్క్ మౌంటెన్ వద్ద ఒక మూల మీద ఇనుప నిచ్చెన నిలిపి, ప్రైవేటు మట్టిని తాకకుండా ఒక ప్రభుత్వ గడి నుంచి మరొక దానిలోకి దిగారు. మరుసటి ఏడు జ్యూరీ వారిని నిర్దోషులన్నది. యజమాని లక్షల డాలర్ల నష్టం కోరుతూ దావా వేశాడు. 2025 మార్చిలో పదో సర్క్యూట్ అప్పీలు కోర్టు, 1885 చట్టాన్నే ఆధారం చేసుకొని వేటగాళ్ళ పక్షాన తీర్పిచ్చింది. అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ కేసును విచారణకు స్వీకరించలేదు. దానితో ఆ తీర్పు ఆ సర్క్యూట్ పరిధిలోని ఆరు రాష్ట్రాల్లో నిలిచింది.

తీర్పు మనిషి అడుగుకు దారి చూపింది. మంద అడుగును మార్చలేదు. మూల దాటే వేటగాళ్ళు పెరిగితే ఆ ప్రజాగడులలోనూ అలజడి పెరుగుతుంది. మంద మరింత లోపలి ప్రైవేటు పచ్చికను వెతుక్కుంటుంది. మోంటానాలో బ్లాక్ మేనేజ్‌మెంట్ పథకం కింద రాష్ట్రం భూస్వాములకు ప్రతిఫలమిచ్చి సామాన్య వేటగాళ్ళకు ప్రవేశం కల్పిస్తున్నది. మందను మేపే నేలకు విలువ కట్టి యజమానిని ఒప్పించే మార్గమది. రైలు కోసం గీసిన చదరాల మీద, ప్రజల సొత్తయిన మృగాన్ని పంచుకోవలసి రావడమే ఈ తగవుకు మూలం. గీత గీసినవారి లెక్కలో ఆ మృగం ఎన్నడూ లేదు.