బుల్లితెర ‘రావణుడి’కి ‘రాముడి’ అశ్రునివాళి: అరవింద్ త్రివేది మృతి, ‘రామాయణ్’ సహనటుల శోకం

దూరదర్శన్ ‘రామాయణ్’ ధారావాహికలో రావణ పాత్రను పోషించిన ప్రసిద్ధ నటుడు అరవింద్ త్రివేది 2021 అక్టోబరు 5వ తేదీ రాత్రి ముంబయిలో గుండెపోటుతో తుదిశ్వాస విడిచారు. ఆయన వయస్సు 82 సంవత్సరాలు. మరునాడు మహాలయ అమావాస్య. గతించిన పెద్దలను స్మరించుకునే ఆ రోజునే ఆయన అంత్యక్రియలు జరిగాయి. అక్టోబరు 7న శరన్నవరాత్రులు ఆరంభమయ్యాయి. దసరాకు దహనం చేసేందుకు ఉత్తరాదిన రావణుని దిష్టిబొమ్మలు సిద్ధమవుతున్న రోజుల్లో, తెరపై ఆ రావణునికి ప్రాణం పోసిన నటునికి తెరపై రాముడైన అరుణ్ గోవిల్ కన్నీటి వీడ్కోలు పలికారు.

తెరపై ఒకరినొకరు సంహరించుకోవడానికి తలపడిన ఇద్దరు నటుల మధ్య మూడు దశాబ్దాలకు పైగా నిలిచిన స్నేహాన్ని ఆ సంతాప సందేశం వెల్లడించింది. పాత్రను, మనిషిని ఒకటిగా చూసే ప్రేక్షకుల నడుమ ఒక కథానాయకుడు తన సహచరుని మరణానికి ఎలా స్పందించాలన్న ప్రశ్నకు కూడా అది సమాధానంగా నిలిచింది.

గోవిల్ సంతాపంలోని రెండు మాటలు

అరుణ్ గోవిల్ సామాజిక మాధ్యమంలో హిందీలో సంతాప సందేశం ఉంచారు. అందులో ఆయన అరవింద్ త్రివేదిని రెండు విధాలుగా పేర్కొన్నారు. ఆధ్యాత్మికంగా చూస్తే రామావతారానికి కారణమైనవాడని, లౌకికంగా చూస్తే ఎంతో మంచివాడు, ధర్మనిష్ఠ కలవాడు, నిరాడంబరుడు, తనకు అత్యంత ప్రియమైన మిత్రుడని రాశారు. ఆయన నేరుగా పరంధామం చేరి శ్రీరాముని సాన్నిధ్యాన్ని పొందుతారన్న విశ్వాసాన్ని వ్యక్తం చేశారు.

ఈ సందేశాన్ని అంతకు ఏడాదిన్నర క్రితం గోవిల్ పెట్టిన మరొక సంతాపంతో పోల్చి చూడవచ్చు. సుగ్రీవ పాత్రధారి శ్యామ్ సుందర్ కలానీ 2020లో మరణించారు. అప్పుడు గోవిల్ ఆయనను మంచి వ్యక్తిగా, సౌమ్యునిగా క్లుప్తంగా స్మరించి, ఆత్మశాంతిని కోరారు. కథలో సుగ్రీవుడు రాముని మిత్రుడు. కాబట్టి అక్కడ పాత్ర గురించి వేరుగా చెప్పవలసిన అవసరం రాలేదు. రావణ పాత్రధారి విషయానికి వచ్చేసరికి ఆ అవసరం ఏర్పడింది. రావణుడు లేనిదే రామావతారానికి ప్రయోజనం లేదన్న సంప్రదాయ భావనను ముందుంచి, శత్రు పాత్రకు ఒక గౌరవస్థానం చూపి, ఆ తర్వాతే ఆయన తన మిత్రుని గురించి మాట్లాడారు.

లక్ష్మణుడు, సీత పాత్రధారుల స్పందన

లక్ష్మణ పాత్రధారి సునీల్ లహ్రీ అరవింద్ త్రివేదిని తండ్రి వంటివారని, తనకు మార్గదర్శకులని, శ్రేయోభిలాషి అని పేర్కొంటూ దుఃఖాన్ని వ్యక్తం చేశారు. సీత పాత్రధారిణి దీపికా చిఖలియా ఆయనను ఉత్తమ వ్యక్తిగా కొనియాడి, కుటుంబ సభ్యులకు సానుభూతి తెలిపారు.

మార్గదర్శకుడన్న మాటకు రామకథతో ఒక పోలిక కనిపిస్తుంది. నేలకొరిగిన రావణుని వద్దకు లక్ష్మణుణ్ణి పంపి, రాజనీతి నేర్చుకొని రమ్మని రాముడు ఆదేశించాడన్న కథ జనశ్రుతిలో ఉంది. లక్ష్మణుడు మొదట రావణుని తల దగ్గర నిలబడతాడు. విద్య కోరి వచ్చినవాడు గురువు పాదాల చెంత నిలవాలని రాముడు చెప్పిన తర్వాత తన తప్పు తెలుసుకుంటాడు. ఈ కథ వాల్మీకి రామాయణంలో లేకపోయినా దేశంలోని అనేక ప్రాంతాల్లో ప్రచారంలో ఉంది.

అరవింద్ త్రివేది మరణవార్త రావడం అది మొదటిసారి కాదు. 2021 మే నెలలో, కరోనా రెండో దశ తీవ్రంగా ఉన్న సమయంలో, ఆయన కన్నుమూశారన్న వదంతి వ్యాపించింది. అప్పుడు సునీల్ లహ్రీ ఆ వార్తను ఖండించి, ఆయన క్షేమంగానే ఉన్నారని తెలిపారు. అసత్య ప్రచారం ఆపాలని కోరారు. ఐదు నెలల తర్వాత అదే సహనటుడు నిజమైన మరణవార్తకు సంతాపం తెలపవలసి వచ్చింది.

ప్రధానమంత్రి నరేంద్ర మోదీ కూడా సంతాపం తెలిపారు. అరవింద్ త్రివేది అసాధారణ నటుడే కాక ప్రజాసేవ పట్ల మక్కువ గలవారని, ‘రామాయణ్’ ధారావాహికలోని కృషికి తరతరాల భారతీయులు ఆయనను గుర్తుంచుకుంటారని పేర్కొన్నారు.

పడవవాడి పాత్ర కోసం వచ్చి రావణుడైన నటుడు

అరవింద్ త్రివేది 1938 నవంబరు 8న జన్మించారు. గుజరాతీ రంగస్థలం, చలనచిత్రాల ద్వారా పేరు తెచ్చుకున్నారు. ఆయన సోదరుడు ఉపేంద్ర త్రివేది గుజరాతీ సినిమాలో అగ్రనటుడు. హిందీ, గుజరాతీ భాషల్లో కలిపి సుమారు 300 చిత్రాల్లో అరవింద్ నటించారు.

రామానంద్ సాగర్ రామాయణాన్ని ధారావాహికగా నిర్మిస్తున్నారని తెలిసి, కేవటుని పాత్ర కోసం తాను ఆయన వద్దకు వెళ్లినట్లు అరవింద్ ఇంటర్వ్యూల్లో చెప్పారు. కేవటుడంటే వనవాసానికి బయలుదేరిన రాముణ్ణి గంగ దాటించిన పడవవాడు. రాముని పాదాలు కడిగిన తర్వాతే పడవ ఎక్కించుకున్న భక్తునిగా అతడు ప్రసిద్ధుడు. ఆ చిన్న పాత్ర కోరి వచ్చిన నటుని నడకను, తీరును గమనించిన సాగర్ తనకు లంకేశుడు దొరికాడని నిర్ణయించుకున్నారు. ఆ విధంగా రాముని పాదాలు కడగవలసిన నటుడు రామునిపై విల్లెక్కుపెట్టే పాత్రలో దేశమంతటికీ పరిచయమయ్యారు.

నిజజీవితంలో ఆయన రామభక్తుడు, శివభక్తుడు. ధారావాహికలో రాముని ఉద్దేశించి పరుషంగా మాట్లాడవలసి వచ్చినందుకు క్షమించమని షూటింగ్‌కు ముందు దైవాన్ని ప్రార్థించేవాడినని ఆయన చెప్పేవారు. రావణ పాత్ర వల్ల వచ్చిన పేరు కుటుంబాన్ని కూడా వదలలేదు. జనం తనను లంకేశుడని, తన భార్యను మండోదరి అని, తన పిల్లలను రావణుని పిల్లలని పిలిచేవారని ఆయన గుర్తు చేసుకున్నారు.

తెర వెనుక ఏర్పడిన బంధం

‘రామాయణ్’ ధారావాహిక 1987 జనవరి 25 నుంచి 1988 జులై 31 వరకు ఆదివారం ఉదయాల్లో దూరదర్శన్‌లో ప్రసారమైంది. మొత్తం 78 భాగాలు. చిత్రీకరణ ప్రధానంగా గుజరాత్‌లోని ఉమర్‌గామ్‌లో జరిగింది. ముంబయికి దూరంగా ఉన్న ఈ ప్రాంతంలోనే షూటింగ్ రోజుల్లో నటీనటులు, సాంకేతిక నిపుణులు బస చేసేవారు.

కథ ప్రకారం రాముడు, రావణుడు ఎదురెదురుగా నిలిచేది యుద్ధభూమిలోనే. అయోధ్య, చిత్రకూటం, పంచవటి, కిష్కింధ ఘట్టాల్లో రాముని ముందు రావణుడు రాడు. సీతాపహరణం కూడా రాముడు లేని సమయంలోనే జరుగుతుంది. కాబట్టి తెరపై ఈ ఇద్దరు నటులు కలిసి కనిపించిన సన్నివేశాల్లో అధికభాగం పోరాటమే. వారి స్నేహం పెరిగింది ఆ సన్నివేశాల వెలుపలే. ప్రేక్షకులు చూడని ఆ భాగాన్నే గోవిల్ తన సంతాపంలో మిత్రుడన్న ఒక్క మాటతో తెలియజేశారు.

ధారావాహిక ముగిసిన తర్వాత ఈ నటుల దారులు వేరయ్యాయి. 1991 లోక్‌సభ ఎన్నికల్లో భారతీయ జనతా పార్టీ తరఫున అరవింద్ త్రివేది గుజరాత్‌లోని సబర్‌కాంఠా నుంచి, దీపికా చిఖలియా వడోదర నుంచి గెలుపొందారు. తెరపై సీత, రావణులైన ఇద్దరూ ఆ విధంగా ఒకే సభలో, ఒకే పార్టీ సభ్యులుగా కూర్చున్నారు. 2002-03లో అరవింద్ కేంద్ర చలనచిత్ర ధ్రువీకరణ మండలికి తాత్కాలిక అధ్యక్షునిగా కూడా వ్యవహరించారు. అరుణ్ గోవిల్ ఆ తర్వాత చాలా కాలానికి, 2024లో, మీరట్ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు.

పాత్ర నుంచి బయటపడలేని కథానాయకుడు

గోవిల్ స్పందన ఎందుకు అంత ఆచితూచి ఉన్నదో తెలుసుకోవాలంటే ఆయన స్థితిని గమనించాలి. ‘విక్రమ్ ఔర్ బేతాళ్’ ధారావాహికలో విక్రమునిగా నటించిన ఆయన, ‘రామాయణ్’ తర్వాత ఎక్కడికి వెళ్లినా రామునిగానే గుర్తింపు పొందారు. పెద్దలు సైతం ఆయన పాదాలకు నమస్కరించేవారు. తాను సిగరెట్ కాలుస్తుండగా ఒక వ్యక్తి మందలించిన సంఘటన తర్వాత ఆ అలవాటు మానుకున్నట్లు గోవిల్ స్వయంగా చెప్పారు. రాముడన్న ముద్ర బలపడటంతో సినిమాల్లో ఇతర పాత్రలు రావడం తగ్గిపోయిందని కూడా ఆయన పలుమార్లు వివరించారు.

అటువంటి నటుడు ఏది మాట్లాడినా అందులో జనానికి రాముని గొంతే వినిపిస్తుంది. సాధారణ నటుడు తన మిత్రుడు మరణించాడని దుఃఖించవచ్చు. రాముడు రావణునికి దుఃఖించడం మాత్రం ప్రేక్షకులకు కొత్తగా తోస్తుంది. గోవిల్ తన పాత్రను దాచుకోలేదు, దాని వెనుక దాగనూ లేదు. మొదట రాముడు చెప్పదగిన మాట చెప్పి, తర్వాత అరుణ్ గోవిల్ చెప్పవలసిన మాట చెప్పారు.

రామాయణంలోనే ఉన్న ఆదర్శం

ఈ రకమైన వీడ్కోలుకు మూలం వాల్మీకి రామాయణంలోనే ఉంది. యుద్ధకాండలో రావణ వధ జరిగిన తర్వాత విభీషణుడు అన్న కోసం విలపిస్తాడు. యుద్ధంలో వీరోచితంగా పోరాడి పడినవాని కోసం శోకించరాదని రాముడు అతణ్ణి ఓదారుస్తాడు. అన్నకు అంత్యక్రియలు చేయడానికి విభీషణుడు సంకోచించినప్పుడు, వైరం మరణంతోనే ముగుస్తుందని, రావణుడు నీకు ఎలాంటివాడో ఇప్పుడు నాకూ అలాంటివాడేనని చెప్పి సంస్కారం జరిపిస్తాడు. రావణుని తేజస్సును, బలాన్ని రాముడు అక్కడ తక్కువ చేసి మాట్లాడడు.

తెలుగు ప్రేక్షకులకు ఈ దృష్టి సుపరిచితమే. ‘లవకుశ’లో రామునిగా పూజలందుకున్న నందమూరి తారక రామారావు ‘భూకైలాస్’, ‘సీతారామ కళ్యాణం’ చిత్రాల్లో రావణ పాత్రను పోషించి మెప్పించారు. రావణుణ్ణి పండితునిగా, శివభక్తునిగా చూపిన ఆ చిత్రాలను తెలుగువారు ఆదరించారు. అందుకే హిందీ అంతంతమాత్రంగా తెలిసిన తెలుగు కుటుంబాలు కూడా ఆదివారం ఉదయం టీవీ ముందు కూర్చున్నప్పుడు, అరవింద్ త్రివేది నవ్వునూ గాంభీర్యాన్నీ అర్థం చేసుకోవడానికి భాష అడ్డు కాలేదు.

ఒక్కొక్కరుగా వీడిన బృందం

అరవింద్ త్రివేది మరణానికి ముందే ‘రామాయణ్’ బృందంలో పలువురు కన్నుమూశారు. భరత పాత్రధారి సంజయ్ జోగ్ 1995లో 40 ఏళ్ల వయస్సులోనే మరణించారు. మంథర పాత్రధారిణి లలితా పవార్ 1998లో, దర్శక నిర్మాత రామానంద్ సాగర్ 2005లో, ఇంద్రజిత్తు పాత్రధారి విజయ్ అరోరా 2007లో, కౌసల్య పాత్రధారిణి జయశ్రీ గడ్కర్ 2008లో మృతి చెందారు. హనుమంతుని పాత్రధారి దారా సింగ్ 2012లో, సంగీత దర్శకుడు రవీంద్ర జైన్ 2015లో, విభీషణ పాత్రధారి ముకేశ్ రావల్ 2016లో కన్నుమూశారు. సుమంత్రునిగా నటించిన చంద్రశేఖర్ 2021 జూన్‌లో మరణించారు.

అయితే 2020 మార్చి 28 నుంచి లాక్‌డౌన్ సమయంలో దూరదర్శన్ ఈ ధారావాహికను పునఃప్రసారం చేయడంతో వీరందరూ మళ్లీ ఇంటింటా కనిపించారు. ఆ ఏడాది ఏప్రిల్ 16న 7.7 కోట్ల మంది ఈ ధారావాహికను వీక్షించినట్లు దూరదర్శన్ ప్రకటించింది. తండ్రులు చూసిన రావణుణ్ణి పిల్లలు చూశారు.

ఆ పునఃప్రసార సమయంలోనే అరవింద్ త్రివేది దృశ్యం ఒకటి సామాజిక మాధ్యమాల్లో విస్తృతంగా ప్రచారమైంది. వృద్ధాప్యంలో ఉన్న ఆయన ఇంట్లో కూర్చుని సీతాపహరణ ఘట్టాన్ని టీవీలో చూస్తూ, తెర వైపు చేతులు జోడించి నమస్కరించారు. ముప్పై మూడేళ్ల క్రితం తానే నటించిన సన్నివేశం అది. కోట్ల మంది ఆ దృశ్యంలో రావణుణ్ణి చూస్తుండగా, రావణ పాత్రధారి మాత్రం సీతమ్మకు మొక్కారు. ధర్మనిష్ఠ కలవాడు, నిరాడంబరుడు అని మరుసటి ఏడాది అక్టోబరులో గోవిల్ తన మిత్రుని గురించి రాసినప్పుడు, ఆ దృశ్యాన్ని చూసిన ప్రేక్షకులకు ఆ మాటలకు వేరే వివరణ అవసరం లేకపోయింది.